రఫుల్ సాయిబు

గిద్దలూరు స్టేషను గేటు పక్కన, రైలు కంపెనీ స్థలంలో, బోదకప్పు పంచ కింద కుట్టుమిషను పెట్టుకుని బతికిన కరీముల్లాను ఆ పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. కన్న తల్లీ, కట్టుకున్న పెళ్లామూ తప్ప ఊరంతా రఫుల్ సాయిబు అనే పిలిచేది. కర్నూలు జిల్లా కింద, మద్రాసు ప్రభుత్వం ఏలుబడిలో ఉన్న రోజులవి. దొరల నోట ఏ మాట రాలినా మనవాళ్లు ఏరుకుని దాచుకునే కాలం. ఆ మాట అతనికి ఎలా అంటుకుందో చెబుతాను గానీ, ముందు మనిషిని చూడాలి.

మనిషికి కుదురు లేదండీ. ఒక్క క్షణం ఒక్క చోట ఉండడు. మిషను తొక్కే పని దొరకడం అతని అదృష్టమనే చెప్పాలి. లేకపోతే ఆ కాళ్లను ఏం చేసుకునేవాడో! సూది కింద గుడ్డ లేకపోయినా తొక్కుతూనే ఉండేవాడు. అన్నానికి కూర్చుంటే సగంలో లేచి వాకిట్లోకి వెళ్లి, ఎందుకు వెళ్లాడో మరిచిపోయి తిరిగొచ్చేవాడు. "ముళ్ల మీద కూర్చున్నట్టు ఏందయ్యా అది! తినేదానికి గూడా నిలకడ లేదా నీకు?" అని అతని భార్య కుల్సుమ్ రోజూ అనేది. అతను రోజూ నవ్వేవాడు, రోజూ లేచేవాడు.

పనిలో మాత్రం చెయ్యి మంచిది. చుట్టుపక్కల పల్లెల రైతులు సంతకు వస్తూ గుడ్డ పడేసి, పోతూ చొక్కా తొడుక్కుని పోయేవారు. చొక్కా పోగా మిగిలిన ముక్కల సంగతి ఎవరూ అడిగేవారు కాదు. కత్తెర కింద రాలినదంతా దర్జీదే. ఇది ఎవరో చెప్పిన రూలు కాదు, అతని తాత నాటి నుంచీ ఈ సీమలో నడుస్తున్న పద్ధతి. కరీముల్లా ఆ ముక్కలతో చంటిపిల్లలకు టోపీలు, ముసలివాళ్లకు వక్కాకు తిత్తులు కుట్టి ఆ రైతుల ఇళ్లకే ఊరికే ఇచ్చేవాడు. అందుకని దాన్ని తీసుకోవడం అని కూడా ఎవరూ అనుకోలేదు.

ఇంతలో స్టేషను బంగళాకి కొత్తగా రైలుదారి ఇనస్పెక్టరు దొర వచ్చాడు. వెంట దొరసాని, ఒక కూతురు. వాళ్లింట్లో ఆయాగా ఏసమ్మ కుదిరింది. పాదిరీల బడిలో చదువుకున్న మనిషి, ఇంగ్లీషు వింటే అర్థమవుతుంది, కాస్త మాట్లాడుతుంది కూడా. ఆ ఏసమ్మే ఒకరోజు కరీముల్లాను బంగళాకి పిలుచుకుపోయింది. దొరసాని ఒక లేసు చుట్ట తీసి చూపించింది. పాలమీగడలా తెల్లగా, మెత్తగా ఉంది. దాని అంచున దారం పోనిచ్చి, మెల్లగా లాగి, కుచ్చులు కుచ్చులుగా మడతలు తేల్చి, "రఫుల్" అంది. కూతురి గౌను మెడకీ చేతులకీ అలా కుట్టాలట.

"రఫూనా? చినిగిందే లేదు గదా!" అన్నాడు కరీముల్లా.

"రఫూ కాదురా తమ్ముడా, రఫుల్. కుచ్చిళ్లు" అంది ఏసమ్మ. తిరిగి వచ్చేటప్పుడు దారిలో నవ్వుతూ చెప్పింది. "ఆ మాట కుచ్చిళ్లకొక్కదానికే గాదు. గద్దను చూసి కోడి ఈకలు ఇప్పుకుంటాది సూడు, అదీ రఫులే. నీళ్ల మీద గాలి కొడితే రఫులు. దొర వచ్చి బిడ్డ జుట్టంతా చెరిపితే రఫులు. దొరా అమ్మగారూ పోట్లాడుకున్నారనుకో, ఆ పూట అమ్మగారి మనసు రఫులు. మళ్లా పటాలం డోలు దడదడమని మోగిస్తే దాన్నిగూడా అదే అంటారంట."

"ఇన్నిటికీ ఒకటే మాటనా? తెల్లోళ్లకు మాటలకు అంత కరువొచ్చిందా అక్కా?"

"నీకు కుదురుకు కరువొచ్చినట్టు."

కరీముల్లాకు ఆ మాట తెగ నచ్చేసింది. తనలాంటి మాట అనిపించిందో ఏమో! సందె గాలికి వేపాకు కదిలితే రఫులు, పెళ్లాం విసుక్కుంటే రఫులు, సంతలో ఎద్దు బెదిరితే రఫులు. కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. అక్కడితో ఆగాడా? కోమట్ల ఇంటి కోడళ్ల రవికలకు చేతుల దగ్గర కుచ్చులు పెట్టడం మొదలుపెట్టాడు. "చేతులకు కోడి ఈకలేందే, చూసేదానికి అసయ్యంగా!" అని అత్తలు దుమ్మెత్తిపోశారు. కోడళ్లు మాత్రం ఊరుకోలేదు, ఇంకొకటి కుట్టించుకున్నారు. కొన్నాళ్లపాటు గిద్దలూరు బజారులో ఆ కుచ్చుల రవికల గురించే తగువులు. అలా రఫుల్ సాయిబు అయ్యాడు.

దొరసాని కూతురి గౌను ముచ్చటగా కుదిరింది. లేసు చుట్టలో కొంత మిగిలింది. దొరసాని అడగలేదు, అతను చెప్పలేదు. గౌను అందుకుని ఆమె మద్రాసు వెళ్లిపోయింది, కొన్ని నెలలకు గానీ రాలేదు. మిగిలిన లేసు అతని ముక్కల బుట్టలో ఉండిపోయింది.

ఇక అసలు కథ. కుల్సుమ్‌కు పుట్టిన బిడ్డలెవరూ ఉయ్యాల దాటి బతకలేదు. ఆఖరుకు హుసేన్బీ పుట్టింది. ఆ బిడ్డకు దోగాడే వయసులో జ్వరం తగిలింది. కళ్లు తేలేసింది. పాలు ముట్టలేదు. మంత్రసాని పోలమ్మ నాడి పట్టుకుని చూసి పెదవి విరిచి వెళ్లిపోయింది. అప్పుడు కరీముల్లా పీర్లచావిడి ముందుకు పరిగెత్తి, మూసి ఉన్న తలుపు మీద తల ఆనించి మొక్కుకున్నాడు. "హుసేను సామీ, ఈ ఒక్క బిడ్డను నాకు ఇడిసిపెట్టు. పీర్ల పండగకు నీ దట్టీకి ఊళ్లో ఎవరూ చూడని కుచ్చులు కుట్టి కడతా." బిడ్డ బతికింది. తెల్లవారేసరికి చెమట పట్టి, కళ్లు తెరిచి, పాలకు ఏడ్చింది.

పీరు అంటే ఇత్తడి హస్తం. దాన్ని పొడుగాటి కర్రకు కట్టి, రంగురంగుల పట్టుగుడ్డలు చుడతారు. ఆ గుడ్డే దట్టీ. మా వైపు పీర్ల పండగ సాయిబులది మాత్రమే కాదు, ఊరందరిదీ. హుసేను పీరును ఎత్తేది గొల్ల నాగులు. వాళ్ల తాతల నుంచీ ఆ ఇంటివాళ్లే ఎత్తాలి. పండగన్ని రోజులూ నాగులు గొర్రెలను తమ్ముడికి అప్పజెప్పి, ఒంటిపూట తింటూ చావిడిలోనే పడుకునేవాడు. మొక్కిన గుడ్డ ఒకసారి పీరుకు కట్టాక మధ్యలో విప్పడం అనేది లేదు. పదోనాడు పీర్లు ఊరి పక్క ఏరు సగిలేటికి పోయి, కడిగి, తిరిగొచ్చి పెట్టెలో పండుకునేదాకా అది పీరు ఒంటి మీదే ఉండాలి. ఈ సంగతి ఊళ్లో పసిబిడ్డను అడిగినా చెబుతుంది.

ఆ ఏడు కరీముల్లా పచ్చపట్టు దట్టీకి చుట్టూరా తెల్లలేసు కుచ్చులు కుట్టి కట్టాడు. అంతకంటే తెల్లనిది, అంతకంటే మంచిది తన ఇంట్లో లేదు. దొరసాని లేసు అని అతనికి తోచనే లేదు. కత్తెర కింద మిగిలినది తనది. తనదాన్ని సామికి ఇచ్చాడు. అంతే!

తొమ్మిదోనాడు పీర్లు ఊరేగాయి. తప్పెట్లు, ఊదు పొగ, ఆడవాళ్లు బిందెలతో పీరు ఎత్తినవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోయడం. వీధులన్నీ తిరిగి స్టేషను బంగళా దాకా వచ్చారు. వరండాలో దొరసాని, కూతురు నిలబడి చూస్తున్నారు. తప్పెట దడదడమని మోగేసరికి ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. కరీముల్లా ఉబ్బిపోయి, "ఏసమ్మక్కా, ఇదిగో డోలు రఫులు!" అని గుంపులోంచి అరిచాడు. ఏసమ్మ నవ్వలేదు. ఆమె దొరసాని ముఖం చూస్తోంది. దొరసాని పీరు మీద లేసు చూస్తోంది.

మర్నాడు పొద్దున్నే ఏసమ్మ పంచ కిందికి వచ్చింది. కూర్చోలేదు.

"తమ్ముడా, కొంప మునిగింది. ఆ లేసు అమ్మగారిదే గదా?"

"మిగిలింది గదక్కా."

"మిగిలితే ఇయ్యాల్సింది గదరా! అది ఆమె తల్లి చేత్తో అల్లిన లేసంట. ఆ తల్లి ఇప్పుడు లేదంట. బిడ్డను నీలగిరి బడిలో చేర్పించేదానికి ఈ సందేళ బండికి పోతాండారు. అంతలోపల లేసు తెచ్చియ్యమంటాంది. లేదంటే దొర పోలీసులకు చెప్తాడంట. ఈ పంచ గూడా పీకిస్తాడంట. దొంగ అంటాంది రా నిన్ను!"

దొంగ అనే మాటకు కరీముల్లా చేతిలో గుడ్డ పడేశాడు. అన్నేళ్లు ఎందరివో గుడ్డలు తన చేతుల మీదుగా పోయాయి, ఆ మాట ఎవరూ అనలేదు. లేచి బంగళాకి పరిగెత్తాడు. తెలుగులో, వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో, కళ్లతో చెప్పుకున్నాడు. బిడ్డ జ్వరం చెప్పాడు. మొక్కు చెప్పాడు. ఏసమ్మ ఇంగ్లీషులో విడమరిచింది. చీకటి పడేసరికి పీరు పెట్టెలోకి పోతాడు, అప్పుడు విప్పి పోస్టులో పంపుతాను అన్నాడు. దొరసాని చెడ్డదేమీ కాదు. విన్నది. కళ్లు కూడా చెమర్చాయి. కానీ తల అడ్డంగా ఊపింది. "మా అమ్మది" అని ఒకే మాట పట్టుకుని కూర్చుంది. ఆమె బాధ ఆమెది, ఎవరం ఏమనగలం?

ఇంటికొచ్చి కుల్సుమ్‌కు చెప్పాడు. ఆమె బిడ్డను గుండెకు అదుముకుంది.

"తియ్యొద్దు. జైలుకు పోతే పో. కూలి చేసి నేను సాకుతా. సామికిచ్చింది తీస్తే సామి ఇచ్చింది తీసుకోడా?"

"ఊరు ఊరంతా దొంగ అంటాదే!"

"అననీ. దొంగ బిడ్డయితేనేం, బతికుంటే చాలు."

అతను కాలుగాలిన పిల్లిలా ఇంటికీ పంచకీ మధ్య తిరిగాడు. మిషను మీద కూర్చుని వట్టిదే తొక్కాడు. లేచాడు. సంత దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. పోలీసులొచ్చి సంతజనం ముందు చేతులు కట్టి నడిపించుకుపోతున్నట్టు కనబడింది. వెంటనే బిడ్డ కళ్లు తేలేసినట్టు కనబడింది. ఏది పట్టుకుని ఏది వదలాలో మనిషికి తోచలేదు. ఇక్కడ అతన్ని తిట్టాలని నాకూ ఉంటుంది. కానీ ఆ చోట నేనుంటే ఏం చేసేవాడినో నాకు తెలీదు.

మిట్టమధ్యాహ్నం, ఎండకు వీధిలో కుక్క కూడా తిరగని వేళ, కరీముల్లా చావిడిలోకి అడుగుపెట్టాడు. ఒక మూల నాగులు ముఖాన తువ్వాలు కప్పుకుని పడుకుని ఉన్నాడు. పీర్లు గోడకు ఆనించి ఉన్నాయి. "సామీ, నన్ను ఏమన్నా చెయ్యి, బిడ్డ జోలికి పోవద్దు" అని మనసులోనే మొత్తుకుంటూ, కత్తెరతో కుట్లు ఒక్కొక్కటే తెంపాడు. జీవితమంతా దారాలు తెంపిన చేతికి ఆ దారాలు ఒక పట్టాన లొంగలేదు, కంటినీరు తుడుచుకుంటూ తెంపాడు. లేసు చుట్టి చొక్కా లోపల దోపుకుని బయటపడ్డాడు.

దొరసాని లేసు అందుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. ఊదు పొగ వాసన. అక్కడక్కడా బెల్లం మరకలు, పసుపు నీళ్ల చారలు. ఆమె ముఖం ముడుచుకుంది. దాన్ని బల్ల మీద పెట్టేసింది. సామాన్లు బండికి ఎక్కుతున్నాయి. కరీముల్లా సలాము చేసి వచ్చేశాడు.

ఆ సాయంత్రమే పీర్లు సగిలేటికి బయలుదేరాయి. తమ వీధి చివర కుల్సుమ్ బిడ్డను చంకనెత్తుకుని, బిందెతో నిలబడింది. నాగులు పీరును ఎత్తుకుని ఆమె ముందుకొచ్చి ఆగాడు. ఆమె తలెత్తి చూసింది. పచ్చ దట్టీ చుట్టూ తెగిన దారపు పోగులు వేలాడుతున్నాయి. కుచ్చులు లేవు. కుల్సుమ్ పక్కనున్న మొగుడి వైపు చూసింది. ఆ చూపు నేను చెప్పలేను. బిందెడు నీళ్లూ నాగులు కాళ్ల మీద పోసి, బిడ్డ తలను కొంగుతో కప్పి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆ తరవాత మొగుడితో మాట్లాడలేదు.

పీర్లు పెట్టెలోకి పోయాయి. బండి వెళ్లిపోయింది. దీపాలు పెట్టే వేళకు ఏసమ్మ మళ్లీ పంచ కిందికి వచ్చి, ఒక పొట్లం మిషను మీద పెట్టింది.

"అమ్మగారు నాకిచ్చిపోయింది తమ్ముడా. పొగ వాసనంట. బిడ్డకు తొడిగేదానికి మనసు రాలేదంట. అవతలికి తీసకపొమ్మనింది. నీ సొమ్ము నీకే తెచ్చినా."

అందులో ఆ లేసే ఉంది. కరీముల్లాకు కోపం కూడా రాలేదు. ఎవరి మీద రావాలి? ఒక్క జాము ముందు వచ్చి ఉంటే దాన్ని మళ్లీ కట్టేవాడు. ఇప్పుడు పెట్టెకు తాళం పడింది. మళ్లీ పీర్లు లేచేది ఏడాదికి. పొట్లం తీసుకెళ్లి కుల్సుమ్ ముందు పెట్టాడు. ఆమె విప్పి చూసి, ట్రంకుపెట్టె అడుగున పెట్టి మూత వేసింది.

ఆ ఏడాది అతను బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. బిడ్డ తుమ్మితే గుండె జారిపోయేది. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. చొక్కా సగం కుట్టి, గుర్తొచ్చి, ఇంటికి పరిగెత్తి బిడ్డ నుదురు తాకి వచ్చేవాడు. ఒక రైతు చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టాడు. పడిశం పట్టిందని మార్కాపురం డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోతే, ఆయన తిట్టి పంపాడు. ఎండాకాలం చుట్టుపల్లెల్లో అమ్మవారు పోసిందని విన్న రోజు నుంచి అన్నం ముద్ద దిగలేదు. అంతకుముందు అతని కాళ్లకే కుదురు లేదు. ఇప్పుడు ప్రాణానికి కూడా లేకుండా పోయింది. ఇంట్లోనేమో పళ్లెం పెట్టడమూ, పళ్లెం తీయడమూ తప్ప కుల్సుమ్ నోట పలుకు లేదు. నాగులు గొర్రెలు తోలుకుని ఎదురైతే, కరీముల్లా సందులోకి తిరిగి పారిపోయేవాడు. "అల్లుడా! ఓ అల్లుడా!" అని నాగులు ఊరి వరస పెట్టి పిలిచే కేక వినబడితే ఇంకా జోరుగా నడిచేవాడు.

హుసేన్బీ మాత్రం ఏ చింతా లేకుండా నడవడం నేర్చింది. మాటలు నేర్చింది. వాళ్లమ్మ దగ్గర దొరకని మాటలన్నీ వీధిలో నేర్చుకొచ్చింది.

మళ్లీ పీర్ల నెలవంక కనబడింది. పీర్లు లేచిన మర్నాడు కుల్సుమ్ ఆ లేసును ఉతికి ఆరబెట్టి తెచ్చి మిషను మీద పెట్టి నిలబడింది. కరీముల్లా కుచ్చులు కుట్టాడు. ముగ్గురూ చావిడికి వెళ్లారు. కుల్సుమ్ బిడ్డతో గడప అవతలే ఆగింది. అతను లోపలికి వెళ్లి దట్టీకి కుచ్చులు కట్టి, నాగులు ఎదుట చేతులు జోడించాడు.

"మామా, నీకొకటి చెప్పాల. పోయినేడు పదోనాడు ఈ కుచ్చులు ఇప్పుకొనిపోయింది నేనే. నువ్వు నిద్రపోతాంటే దొంగతనంగా..."

"నిద్రపోతాంటినని ఎవురు చెప్పిరి?" అన్నాడు నాగులు.

కరీముల్లా జోడించిన చేతులు దించేశాడు.

"మేలుకునే ఉంటి అల్లుడా. నీ చెయ్యి వణుకుతాంది, దారం తెగడంల్యా. లేచొచ్చి నేనే ఆ కొస పట్టుకుందామా అనుకుంటి."

"మరి అరవలేదేంది మామా?"

"నేనెందుకు అరవాల? కట్టినోడివి నువ్వు, ఇప్పినోడివి నువ్వు. ఏడుస్తా ఇప్పితివి. సామి కోపం నాకు తెలీదా? కోపమొస్తే ఎత్తినోడి భుజం ఇరిగేట్టు బరువెక్కుతాడు. మా నాయనకు ఒకసారి అట్ల ఎక్కినాడు, మూన్నెల్లు మంచం మీదుండె. ఆ పొద్దు సగిలేటికి పోతాంటే, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఉన్నాడయ్యా నా భుజం మీద. అంత తేలిగ్గా ఏనాడూ లేడు."

"ఈ మాట అప్పుడే చెప్పకూడదా!" కరీముల్లా అరిచేశాడు. "ఏడాది పొడుగునా సచ్చి బతికినా గదా మామా! బిడ్డ దగ్గితే సచ్చినా, బిడ్డ నిద్రపోతే సచ్చినా!"

"ఎట్ల చెప్పాలరా? చూసినప్పుడల్లా పిలిస్తి. సంతలో పిలిస్తి, గేటు కాడ పిలిస్తి. నన్ను చూస్తే చాలు పరిగెత్తి పోతాంటివి. నువ్వు ఒక్క తావున నిలబడితే గదా చెప్పేది!"

కరీముల్లా అక్కడే, చావిడి నేల మీద కూలబడి, పిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నాగులు అతని వీపు మీద చెయ్యి వేశాడు. గడప అవతల కుల్సుమ్ అంతా విన్నది. కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికొచ్చి మొగుడి ముందు నిలబడింది.

"లెయ్యి. ఇంటికి పోదాం. అన్నం సల్లారిపోతాది" అంది.

ఏడాదికి ఆమె అన్న మొదటి మాట అది. కరీముల్లా తలెత్తి చూశాడు.

"ఉండు కుల్సుమ్" అన్నాడు. "రోంతసేపు కూర్చోనీ."

కుల్సుమ్ బిడ్డను ఒళ్లో పెట్టుకుని అతని పక్కనే కూర్చుంది.